థీసిస్ డేటా బయట పెట్టాలా వద్దా? జర్నల్ అడుగుతోంది, గైడ్ వద్దంటున్నారు

పల్లెలెక్క (సోమవారం రాత్రి 10.42)

అందరికీ నమస్కారం. ఎకనామిక్స్‌లో పీహెచ్‌డీ చేస్తున్నాను, టాపిక్ కౌలు రైతుల అప్పులు. రాష్ట్ర సరిహద్దుకు అటు మధిర వైపు కొన్ని ఊళ్లు, ఇటు నందిగామ వైపు కొన్ని ఊళ్లు తీసుకుని, మూడు వందల పైచిలుకు కుటుంబాల దగ్గర కూర్చుని నింపుకొచ్చిన సర్వే. అందులోంచి రాసిన పేపర్ రివ్యూ దాటింది. ఇప్పుడు ఎడిటర్ మెయిల్ పెట్టారు, డేటాని ఏదైనా రిపాజిటరీలో (డేటా దాచి నలుగురికీ అందించే వెబ్‌సైట్‌లో) పెట్టి లింక్ ఇవ్వండి, కుదరకపోతే ఎందుకు కుదరదో రాయండి అని.

మా గైడ్ గారిని అడిగితే "అడిగిన వాళ్లకి ఇస్తాం అని ఒక లైను రాసి పంపించెయ్యమ్మా, ఎవరూ అడగరు" అన్నారు. ఇంకా రెండు పేపర్లు రావాల్సిన డేటా అది, ఎవరో దించుకుని మనకంటే ముందే రాసేస్తే మన గతేంటి అని ఆయన బాధ. అదీ నిజమే అనిపిస్తుంది. కానీ ఇదే టాపిక్ మీద పదేళ్ల కిందటి పేపర్ ఒకటి చూసి, ఆ డేటా కోసం నేను రాసిన మెయిల్ అలాగే వెనక్కి వచ్చేసింది, ఆ ఐడీయే లేదట. రేపు నాకు రాసేవాళ్ల పరిస్థితీ అంతేగా.

జెనోడో, డేటావర్స్, ఫిగ్‌షేర్ అని పేర్లు వింటున్నాను. ఎక్కడ పెట్టాలి, ఎలా పెట్టాలి, అసలు పెట్టాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి ప్లీజ్, రివిజన్ డెడ్‌లైన్ టెన్షన్‌లో ఉన్నాను.

సరస్వతీనిలయం (సోమవారం రాత్రి 11.15)

యూనివర్సిటీ లైబ్రరీలో పనిచేస్తాను కాబట్టి ఈ "అడిగితే ఇస్తాం" లైను రోజూ చూస్తుంటానమ్మా. 2022లో దీన్ని ఒక బృందం నిజంగానే పరీక్షించింది. డేటా ఇవ్వడానికి సిద్ధమని పేపర్లో రాసుకున్న 1,792 మంది రచయితలకు మెయిళ్లు పెట్టి, మరి ఇవ్వండి అన్నారు. చివరికి చేతికి వచ్చింది 122 మంది డేటా, అంటే నూటికి ఏడు కూడా కాదు. మిగతావాళ్లలో చాలామంది అసలు జవాబే ఇవ్వలేదు. వీళ్లంతా దొంగలని కాదు. ఒకరు ఉద్యోగం మారారు, ఇంకొకరి ల్యాప్‌టాప్ పోయింది, ఫైల్ ఉన్నా ఏ కాలమ్ ఏంటో మర్చిపోయినవాళ్లు కొందరు.

దానికి ముందు 2014లో జీవశాస్త్రంలో 516 పేపర్లు తీసుకుని చేసిన పరిశీలన ఇంకొకటి ఉంది. పేపర్ వయసు ఏడాది పెరిగినకొద్దీ దాని డేటా దొరికే అవకాశం 17 శాతం చొప్పున తగ్గుతోందని తేలింది. రచయిత ఈమెయిల్ పనిచేసే అవకాశం కూడా ఏడాదికి 7 శాతం చొప్పున తగ్గింది. మీకు వెనక్కి వచ్చిన మెయిల్ ఆ లెక్కలోదే.

జెనోడో గురించి: 2013 నుంచి నడుస్తోంది, జెనీవా దగ్గర సెర్న్ వాళ్ల సర్వర్ల మీద. ఉచితం, ఒక రికార్డుకు 50 జీబీ వరకు, ప్రతి రికార్డుకీ డీఓఐ, అంటే మారని శాశ్వత లింక్ నంబరు, ఇస్తారు. మీ సర్వే ఫైల్ మహా అయితే రెండు మూడు ఎంబీ ఉంటుంది. ఐసీఎస్‌ఎస్‌ఆర్ (సామాజిక శాస్త్రాల పరిశోధన మండలి) ఫెలోషిప్ మీద చేస్తుంటే మాత్రం ముందు వాళ్ల డేటా సర్వీస్ రూల్స్ చదువుకోండి. గైడ్ గారి భయానికి మందు కూడా జెనోడోలోనే ఉంది, దాని పేరు ఎంబార్గో. ఫైల్ ఇప్పుడే పెట్టేస్తారు, ఫలానా తేదీ దాకా తెరుచుకోదు, డీఓఐ మాత్రం ఇప్పుడే వచ్చేస్తుంది. జర్నల్‌కి అది చాలా సందర్భాల్లో సరిపోతుంది, ఎడిటర్‌ని ఒకసారి అడిగి చూడండి.

బాష్‌బాబు (సోమవారం రాత్రి 11.38)

అక్కా, ఎక్కడ పెట్టాలి అన్నది తర్వాత సంగతి. ఇప్పుడు ఎక్కడుంది?

పల్లెలెక్క (సోమవారం రాత్రి 11.44)

ల్యాప్‌టాప్‌లో ఉంది, పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, యూనివర్సిటీ ఐడీతో ఉన్న డ్రైవ్‌లో ఒక కాపీ. కాగితం ప్రశ్నావళులు హాస్టల్ గదిలో అట్టపెట్టెల్లో ఉన్నాయి.

బాష్‌బాబు (మంగళవారం రాత్రి 12.10)

పెన్‌డ్రైవ్ ల్యాప్‌టాప్ బ్యాగులోనే ఉంటుంది కదా? అది ఇంటి తాళాలన్నీ ఒకే గుత్తికి వేసుకుని తిరిగినట్టు, బ్యాగు పోతే రెండూ పోయినట్టే. యూనివర్సిటీ డ్రైవ్ సంగతీ చెప్తాను. గూగుల్ వాళ్లు విద్యాసంస్థలకు ఇచ్చిన అన్‌లిమిటెడ్ స్టోరేజీని 2022లో ఎత్తేసి సంస్థ మొత్తానికీ కలిపి 100 టీబీ అన్నారు. అప్పటినుంచి చాలా చోట్ల పాసైపోయిన స్టూడెంట్ల ఐడీలు తీసేస్తున్నారు. థీసిస్ సబ్మిట్ చేసి డిగ్రీ తీసుకున్నాక ఆ ఐడీ ఎన్నాళ్లుంటుందో ముందే కనుక్కోండి.

పెద్ద సర్వర్లో ఉంటే భయం లేదు అనుకునేవాళ్లకి క్యోటో యూనివర్సిటీ కథ చెప్పాలి. 2021 డిసెంబర్‌లో వాళ్ల సూపర్‌కంప్యూటర్ స్టోరేజీ నుంచి 77 టీబీ చెరిగిపోయింది, దాదాపు 3 కోట్ల 40 లక్షల ఫైళ్లు, 14 పరిశోధన బృందాలవి. వాటిలో నాలుగు బృందాలకి బ్యాకప్ నుంచి కూడా తిరిగి రాలేదు. హ్యాకర్లూ కాదు, అగ్ని ప్రమాదమూ కాదు. పాత లాగ్ ఫైళ్లు తుడిచే చిన్న స్క్రిప్ట్ ఒకటి ఉంది. సరఫరాదారు వాళ్లు దాన్ని మెరుగుపరిచి, పాతది ఇంకా నడుస్తుండగానే దాని మీద కొత్తది రాసేశారు. స్క్రిప్ట్‌ని నడిపే బాష్ అనే ప్రోగ్రామ్ దాన్ని ముందే మొత్తం చదివి పెట్టుకోదు, నడుస్తూ నడుస్తూ చదువుతుంది. దాంతో మధ్యలోంచి కొత్త ఫైల్ అందుకుంది, లాగ్ ఫోల్డర్ పేరు ఉండాల్సిన వేరియబుల్ ఖాళీగా దొరికింది. ఇక లాగ్‌లు తుడవాల్సిన ఆదేశం అసలు డేటా మీద పడింది. వినోదం ఏంటంటే ఆ స్క్రిప్ట్ ఉన్నది బ్యాకప్ వ్యవస్థలోనే.

అందుకే మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి అవతల. హార్డ్‌డిస్క్ ఒకటి కొని అమ్మావాళ్ల ఇంట్లో పెట్టండి. ప్రతి ఫైల్‌కీ ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్ (ఫైల్‌కి వేలిముద్ర లాంటి కోడ్) తీసి ఒక టెక్స్ట్ ఫైల్లో దాచండి, ఏడాదికోసారి మళ్లీ తీసి పోల్చి చూడండి. ఒక్క అక్షరం మారినా తెలిసిపోతుంది. ఆ కాగితాలు కూడా స్కాన్ చేయించండి, హాస్టల్లో చెదలకి పీహెచ్‌డీ గౌరవం ఉండదు.

గణాంకం_రిటైర్డ్ (మంగళవారం ఉదయం 6.20)

కాపీల గురించి బాబు చెప్పింది బాగుంది. నా అనుభవంలో మాత్రం డిస్క్ పోయి చచ్చిన డేటా కంటే, డిస్క్ నిక్షేపంగా ఉండి చచ్చిన డేటా ఎక్కువ. అమ్మాయ్, మీ ఫైల్లో మొదటి వరస, దాని కింద ఏదైనా ఒక కుటుంబం వరస ఇక్కడ పెట్టండి. పేర్లు, ఊరు తీసేసి.

పల్లెలెక్క (మంగళవారం ఉదయం 8.05)

ఇదిగో సార్, అన్నీ కాదు కొన్ని కాలమ్‌లు:

భూమి 2.20, సొంతం 0.30, దిగుబడి 28, కౌలు 18, అప్పు 150, వడ్డీ 3, చదువు -99, జిల్లా కృష్ణా

గణాంకం_రిటైర్డ్ (మంగళవారం ఉదయం 9.30)

సంతోషం. ఇప్పుడు ఇది పదేళ్ల తర్వాత ఢిల్లీలోనో బోస్టన్‌లోనో ఒక పిల్లాడు తెరిచాడనుకోండి.

భూమి 2.20. మధిర వైపు రైతు చెప్తే అది రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి రెండున్నర ఎకరాలు. నందిగామ వైపు రైతు చెప్తే రెండెకరాల ఇరవై సెంట్లు. సెంట్లు ఎకరానికి వంద కాబట్టి అది నిజంగానే 2.20. ఒకే కాలమ్‌లో ఒకే అంకె, అటు ఒక విలువ, ఇటు ఒక విలువ. ఆ పిల్లాడు సగటు తీస్తాడు. కంప్యూటర్ ఏ ఎర్రరూ ఇవ్వదు. పైగా మధిర వైపు 2.39 తర్వాత 3 వస్తుంది, 2.55 అని ఎక్కడైనా కనిపిస్తే అది తప్పు ఎంట్రీ అని మీకు నాకు తెలుసు, వాడికి తెలీదు.

వడ్డీ 3. మన దగ్గర ఎవరైనా సరే నూటికి నెలకు మూడు రూపాయలు అనే అర్థం చేసుకుంటాం, అంటే ఏడాదికి 36 శాతం. బయటివాడు సంవత్సరానికి 3 శాతం అనుకుని, కౌలు రైతులకు ఎంత చౌకగా అప్పు దొరుకుతోందో అని పేపర్ రాస్తాడు. నవ్వకండి, రాస్తాడు.

దిగుబడి 28 అంటే బస్తాలా, క్వింటాళ్లా? బస్తా అయితే ఎన్ని కిలోలది? ఎకరానికా, మొత్తం పొలానికా? చదువు -99 అంటే చెప్పలేదనా, అడగలేదనా, వర్తించదనా? ఈ మూడూ వేర్వేరు. జిల్లా కృష్ణా అన్నారు, 2022 ఏప్రిల్ నుంచి నందిగామ ఎన్‌టీఆర్ జిల్లాలో ఉంది. మీ సర్వే అంతకుముందుదా తర్వాతదా? తెలంగాణ డేటా అయితే మరీ జాగ్రత్త, 2016 అక్టోబర్‌లో పది జిల్లాలు 31 అయ్యాయి, 2019లో 33. జిల్లా పేరు ఒక్కటీ రాస్తే చాలదు, మండలం, 2011 జనాభా లెక్కల కోడ్ కూడా వేసి పెట్టుకోండి.

ఇవన్నీ ఇప్పుడు మీ తలలో ఉన్నాయి. కాగితం మీదకి రాలేదు. జెనోడోలో పెట్టినా, బీరువాలో పెట్టినా, తలలో ఉన్నది అప్‌లోడ్ కాదు.

చిన్నోడు (మంగళవారం ఉదయం 9.52)

గుంటలు సెంట్లు 😂 సార్ ఇది స్క్రీన్‌షాట్ తీసి మా డిపార్ట్‌మెంట్ గ్రూప్‌లో వేస్తున్నా

జన్యుసూత్రం (మంగళవారం ఉదయం 11.25)

ఎక్సెల్‌లో చేశారా? అయితే ఇంకో సమస్య ఉండొచ్చు. మా ఫీల్డ్‌లో మార్చ్1, సెప్ట్2 అని జన్యువుల పేర్లు ఉండేవి, ఎక్సెల్ వాటిని 1-మార్చి, 2-సెప్టెంబర్ చేసి కూర్చునేది. 2016లో లెక్కేస్తే, జన్యు జాబితాలు ఎక్సెల్లో జతచేసిన పేపర్లలో దాదాపు ఐదో వంతులో ఈ తప్పులున్నాయి. చివరికి ఎక్సెల్ మారేదాకా ఆగలేక, 2020లో జన్యువుల పేర్లే మార్చారు. ఇంగ్లండ్‌లో అయితే అదే ఏడాది పాత ఎక్స్‌ఎల్‌ఎస్ ఫార్మాట్‌లో 65,536 వరసలు దాటితే పట్టవని తెలియక దాదాపు 16 వేల కోవిడ్ కేసులు రిపోర్టుల్లోంచి జారిపోయాయి. మీ దగ్గర భూమి సర్వే నంబర్లు ఉంటే చూసుకోండి, 12/3 అని కొడితే అది 12-మార్చి అయి ఉంటుంది.

ఇక షేరింగ్ గురించి. లైబ్రరీ మేడం చెప్పినవన్నీ నిజమే కానీ గైడ్ గారిని అంత తేలిగ్గా తీసేయకండి. ఎండలో తిరిగింది ఈ అమ్మాయి, నాలుగు కాలమ్‌లు కలిపి రిగ్రెషన్ వేసి పెద్ద జర్నల్‌లో రాసుకునేది ఎక్కడో ఏసీలో కూర్చున్నవాడు. ఇది ఊహ కాదు. 2007లో ఇండోనేషియా బర్డ్ ఫ్లూ శాంపిళ్లు ఇవ్వం అని ఆపేసింది, మా వైరస్ ఇస్తే మీరు టీకా తయారుచేసి మాకే కొనలేని ధరకి అమ్ముతారు అని. ఆ గొడవ తర్వాతే 2008లో గిసెయిడ్ అనే వైరస్ జన్యుక్రమాల డేటాబేస్ వచ్చింది. అక్కడ డేటా చూడాలంటే పేరు చెప్పి నమోదు కావాలి, ఇచ్చినవాళ్లని గుర్తించాలి అనే షరతులు పెట్టారు. కోవిడ్‌లో ప్రపంచం మొత్తం అక్కడికే వెళ్లింది. అందరికీ తలుపు బార్లా తెరిస్తేనే సైన్స్ అని చెప్పేవాళ్లు ఈ చరిత్ర ఒకసారి చూడాలి.

సరస్వతీనిలయం (మంగళవారం మధ్యాహ్నం 1.10)

జన్యుసూత్రం గారూ, షరతులు పెట్టి ఇవ్వడానికీ అసలు ఇవ్వకపోవడానికీ తేడా ఉంది కదా. నేను వద్దంటున్నది రెండోదే. మీ ఫీల్డ్ నుంచే చెప్తాను. ప్రొటీన్ డేటా బ్యాంక్ 1971లో ఏడు నిర్మాణాలతో మొదలైంది. ల్యాబుల వాళ్లు తమ ప్రొటీన్ నిర్మాణాలు అక్కడ జమచేయాల్సిందే అని జర్నళ్లు పట్టుబట్టాయి, 2023 నాటికి అవి రెండు లక్షలు దాటాయి. ప్రొటీన్ ఆకారాన్ని అంచనా వేసే ఏఐ ఆల్ఫాఫోల్డ్ నేర్చుకున్నది ఆ బ్యాంకు చూసే. 2024లో దానికి కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది. 1980ల్లో ఎవరైనా "నా నిర్మాణం నా బీరువాలో ఉంటుంది" అని ఉంటే ఇదంతా ఉండేదా?

జన్యుసూత్రం (మంగళవారం మధ్యాహ్నం 1.32)

ఒప్పుకుంటాను మేడం, కానీ నోబెల్ తీసుకున్నది జమచేసినవాళ్లు కాదు కదా 🙂 అదే నేను చెప్పేది. మన దగ్గర జీనోమ్ ఇండియా పద్ధతి నాకు నచ్చింది. సీసీఎంబీతో సహా ఎన్నో సంస్థలు కలిసి పదివేల మందికి పైగా జన్యుక్రమాలు తీశాయి, 2025 జనవరిలో పరిశోధకులకు తెరిచారు. ఉండేది ఫరీదాబాద్‌లోని ఇండియన్ బయోలాజికల్ డేటా సెంటర్‌లో. కావాల్సినవాళ్లు ఎందుకో రాసి దరఖాస్తు పెట్టుకోవాలి. పల్లెలెక్క గారి డేటాకి కూడా అలాంటిదే సరిపోతుందని నా అభిప్రాయం.

గణాంకం_రిటైర్డ్ (మంగళవారం సాయంత్రం 4.45)

పల్లె డేటా అనగానే నాకు గుర్తొచ్చేది పటాన్‌చెరులోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్ల గ్రామ అధ్యయనాలు. 1975లో ఆరు ఊళ్లలో మొదలుపెట్టారు. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లాలో ఔరేపల్లె, డోకూరు, మిగతా నాలుగు మహారాష్ట్రలో షోలాపూర్, అకోలా జిల్లాల్లో. ఊరికి నలభై కుటుంబాలు, పది కూలీలవి, ముప్పై సాగుదార్లవి. సర్వే చేసేవాళ్లు ఆ ఊళ్లోనే కాపురం ఉండేవాళ్లు. ఏం పండింది, ఎంతకి అమ్మారు, ఎవరి దగ్గర చేబదులు తీసుకున్నారు, ఎవరింట్లో ఎన్నాళ్లు కూలికి వెళ్లారు, అన్నీ ఏళ్ల తరబడి రాసుకున్నారు.

దాన్ని వాళ్లు దాచుకోలేదు, పరిశోధకులకు ఇచ్చారు. ఆర్థికవేత్త రాబర్ట్ టౌన్‌సెండ్ 1994లో ఎకనోమెట్రికా జర్నల్‌లో రాసిన ప్రసిద్ధమైన పేపర్ ఔరేపల్లెతో పాటు షిరాపూర్, కంజారా డేటా మీదే. ఒక ఇంట్లో ఆ ఏడు పంట పోయినా ఆ ఇంటి తిండి ఖర్చు అంతగా ఎందుకు పడిపోదు, ఊరు ఎంతవరకు కాసుకుంటుంది అని చూశాడు. ఆ మూడింటిలో ఒక ఊళ్లో భూమి లేనివాళ్లకి ఆ ఆసరా తక్కువని కూడా అందులోనే ఉంది. ఔరేపల్లె అనే ఊరు ఎక్కడుందో తెలియని దేశాల్లో కూడా ఎకనామిక్స్ విద్యార్థులు ఆ పేరు చదువుతారు. ఇక్రిశాట్ పేరు దానివల్ల తగ్గిందా పెరిగిందా? అదే ఊళ్లకి 2001 తర్వాత మళ్లీ వెళ్లగలిగారంటే పాత లెక్కలు, ఏ ఇంటికి ఏ నంబరో, పక్కాగా ఉండబట్టే. మీ గైడ్ గారికి ఈ ఉదాహరణ చెప్పండి, ఎకనామిక్స్ ఆయనే కాబట్టి కాదనలేరు.

కడలితరంగం (మంగళవారం సాయంత్రం 6.30)

మా సముద్రం వాళ్ల పద్ధతి ఒకటి చెప్తాను, మీకు పనికొస్తుంది. ఆర్గో అని సముద్రాల్లో దాదాపు నాలుగు వేల తేలే యంత్రాలున్నాయి. వెయ్యి మీటర్ల లోతులో కొట్టుకుపోతూ, పది రోజులకోసారి రెండు వేల మీటర్లకి దిగి, పైకి వస్తూ ఉష్ణోగ్రత, లవణీయత కొలిచి ఉపగ్రహానికి పంపిస్తాయి. 24 గంటల్లో ఆ డేటా ఎవరికైనా ఉచితం, బళ్లో పిల్లాడికైనా సరే. హిందూ మహాసముద్రం వరకు ప్రాంతీయ కేంద్రం హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్.

నాకు నచ్చేది ఏంటంటే తొందరగా ఇచ్చిన ఫైల్ పేరు ఆర్ అక్షరంతో మొదలవుతుంది, తర్వాత నిపుణులు చూసి సరిదిద్దింది డీ అక్షరంతో. ప్రతి కొలతకీ పక్కన ఒక అంకె ఉంటుంది, 1 అంటే బాగుంది, 4 అంటే పనికిరాదు, 9 అంటే కొలతే లేదు. పనికిరానిదాన్ని చెరిపెయ్యరు, 4 అని ముద్ర వేసి ఉంచుతారు. సరిదిద్దిన విలువ వేరే కాలమ్‌లో, అసలు విలువ పక్కనే. మీరూ అంతే చెయ్యండి. గుంటలు, సెంట్లు అన్నీ ఎకరాల్లోకి మార్చండి, కానీ కొత్త కాలమ్‌లో మార్చండి. రైతు చెప్పింది చెప్పినట్టు ఉన్న కాలమ్‌ని ముట్టుకోవద్దు.

డల్లాస్_దొర (బుధవారం ఉదయం 7.15)

ఇక్కడ అమెరికాలో పబ్లిక్ హెల్త్‌లో ఉన్నాను. సర్కారు సైట్లో ఉంటే శాశ్వతం అనే నమ్మకం మాకు 2025 జనవరి, ఫిబ్రవరిలో పోయింది. సీడీసీ (ఇక్కడి ప్రజారోగ్య సంస్థ) పేజీలు, డేటాసెట్‌లు రాత్రికి రాత్రి మాయమయ్యాయి, కొన్ని కోర్టు చెప్పాక తిరిగొచ్చాయి. జనం ఎవరికి దొరికింది వాళ్లు దించుకున్నారు. హార్వర్డ్ లా స్కూల్ లైబ్రరీ వాళ్లు ఫెడరల్ డేటా పోర్టల్‌లోని 3 లక్షల 11 వేల డేటాసెట్‌లకి కాపీ తీసి పెట్టారు, 16 టీబీ.

మనవాళ్లకీ తగిలింది. ఇండియా ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ (జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే) కుటుంబాల స్థాయి డేటాని చాలామంది తెచ్చుకుంది డీహెచ్‌ఎస్ అనే, అమెరికా సాయంతో నడిచిన కార్యక్రమం సైట్ నుంచే. 2025లో ఆ సాయం ఆగేసరికి, డేటా అభ్యర్థనలకి ఇప్పుడు జవాబివ్వలేం అని అక్కడ నోటీసు పెట్టారు. మన ఊళ్లలో మన ఆశా కార్యకర్తలకి తెలిసిన ఇళ్ల లెక్కలు, తాళం మాత్రం వాషింగ్టన్‌లో. ఎక్కడ పెట్టినా ఒక్కచోటే పెట్టకండి అని చెప్పడానికే ఇదంతా.

చేలగట్టు (బుధవారం ఉదయం 10.05)

నేను రైతుల మధ్య పనిచేసేవాణ్ని, రీసెర్చ్ నాకు తెలీదు. ఇక్కడ ఎవరూ రైతు గురించి మాట్లాడలేదు కాబట్టి రాస్తున్నా.

కౌలు మన దగ్గర చాలావరకు నోటిమాట. ఫలానావాడు నా పొలం కౌలుకి చేస్తున్నాడని కాగితం మీదకి వస్తే యజమానికి భయం, హక్కు అడుగుతాడేమోనని. వచ్చే ఏడు పొలం ఇంకొకరికి ఇస్తాడు. తెలంగాణలో 2018 నుంచి రైతుబంధు డబ్బు పట్టాదారు ఖాతాలోనే పడింది, కౌలుదారుకి పడలేదు. ఇప్పుడు మీ ఫైల్లో పేరు తీసేశాం అంటారు. భూమి సర్వే నంబరు ఉందా? దాన్ని రెవెన్యూ వెబ్‌సైట్‌లో కొడితే యజమాని పేరు వచ్చేస్తుంది. పేరు లేకపోయినా ఊరు, కులం, ఎకరాలు, ఇంట్లో ఎంతమంది, బర్రెలెన్ని అని ఉంటే ఆ ఊరివాడు ఒక్క నిమిషంలో "ఇది ఫలానా వెంకన్న ఇల్లే" అంటాడు. వడ్డీ వ్యాపారి కూడా ఆ ఊరివాడే అని మర్చిపోవద్దు. అప్పు ఎవరి దగ్గర తెచ్చారో కూడా రాసుకునే ఉంటారుగా.

సరస్వతీనిలయం (బుధవారం ఉదయం 11.20)

చేలగట్టు గారూ, చాలా అవసరమైన మాట. అమెరికాలో ఒక పరిశోధకురాలు పుట్టినతేదీ, లింగం, పిన్‌కోడ్, ఈ మూడు చాలు అక్కడి జనాభాలో 87 శాతం మందిని విడిగా గుర్తుపట్టడానికి అని ఎప్పుడో తేల్చి చెప్పారు. మన ఊరికి పిన్‌కోడ్ కూడా అక్కర్లేదు.

పల్లెలెక్క గారూ, రెండు ఫైళ్లు చెయ్యండి. ఒకటి మీ దగ్గర, గైడ్ గారి దగ్గర మాత్రమే ఉండే పూర్తి ఫైల్, పాస్‌వర్డ్‌తో. రెండోది బయటికిచ్చేది: సర్వే నంబరు, ఊరు, కులం పేరు తీసేసి వర్గం మాత్రం ఉంచి, వయసు పదేళ్ల గుంపులుగా, భూమి పరిమాణం తరగతులుగా. ఈ రెండోది కూడా రిస్ట్రిక్టెడ్‌గా పెట్టొచ్చు, రికార్డు అందరికీ కనిపిస్తుంది, ఫైల్ మాత్రం మీరు ఒప్పుకుంటేనే. ప్రశ్నావళి, కోడ్‌బుక్ (ఏ కాలమ్‌కి ఏం అర్థమో చెప్పే పట్టిక) మాత్రం వేరే రికార్డుగా పూర్తిగా తెరిచి పెట్టండి, వాటిలో ఎవరి రహస్యమూ లేదు.

ఇంతకీ సమ్మతి పత్రంలో ఏం రాశారు? అసలు సంగతి అక్కడ ఉంది.

పల్లెలెక్క (బుధవారం మధ్యాహ్నం 2.30)

"మీరు చెప్పిన వివరాలు పరిశోధన కోసమే వాడతాం, మీ పేరు ఎక్కడా బయటపెట్టం" అని ఉంది మేడం. చదవడం రానివాళ్లకి చదివి వినిపించి వేలిముద్ర తీసుకున్నాం.

సరస్వతీనిలయం (బుధవారం మధ్యాహ్నం 2.48)

అయితే నయం. "మా బృందం తప్ప ఇంకెవరూ చూడరు" అని రాసి ఉంటే చేతులు కట్టేసినట్టే అయ్యేది, చాలా పాత పత్రాల్లో అలాగే ఉంటుంది. పరిశోధన కోసమే అన్నారు కాబట్టి, దరఖాస్తులో పరిశోధన అని రాసినవాళ్లకే, మీరు చూసి ఒప్పుకున్నాకే ఇస్తారు. మీ ఎథిక్స్ కమిటీకి ఒక లెటర్ పెట్టి వాళ్ల జవాబు దాచుకోండి. 2023 డేటా రక్షణ చట్టంలో పరిశోధనకి మినహాయింపు ఉంది కానీ దాని మీదే భారం వేసి కూర్చోవద్దు.

బాష్‌బాబు (బుధవారం మధ్యాహ్నం 3.15)

రైతులు సొంత మాటల్లో చెప్పినవి ఏ ఫాంట్‌లో టైప్ చేశారు? పాత డీటీపీ ఫాంట్లో అయితే ఇప్పుడే యూనికోడ్‌లోకి మార్చుకోండి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో అదంతా ఇంగ్లిష్ అక్షరాల పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. మార్చాక కూడా వత్తులు, పొల్లులు కళ్లతో చూసుకోవాలి, కన్వర్టర్లు అక్కడే బోల్తాపడతాయి. అన్నీ సీఎస్‌వీ, యూటీఎఫ్-8లో సేవ్ చెయ్యండి.

పల్లెలెక్క (గురువారం రాత్రి 9.40)

రెండు రోజులు కూర్చుని కోడ్‌బుక్ రాశాను. మచ్చుకి కొంచెం, తప్పులుంటే చెప్పండి:

భూమి_చెప్పినది: రైతు చెప్పినట్టు. ప్రాంతం 1 అయితే ఎకరాలు.గుంటలు, ప్రాంతం 2 అయితే ఎకరాలు.సెంట్లు.
భూమి_ఎకరాలు: పై కాలమ్ నుంచి దశాంశ ఎకరాల్లోకి మార్చినది. బయటి ఫైల్లో తరగతులుగా మాత్రమే.
వడ్డీ: నూటికి నెలకు రూపాయల్లో. సంవత్సరానికి శాతం కావాలంటే 12తో గుణించాలి, చక్రవడ్డీ లెక్క లేదు.
దిగుబడి: ఎకరానికి బస్తాలు, వడ్లు మాత్రమే, బస్తా 75 కిలోలు.
చదువు: -97 వర్తించదు, -98 అడగలేదు, -99 చెప్పలేదు.
కౌలు: ఎకరానికి ఏడాదికి.

జెనోడోలో డ్రాఫ్ట్ కూడా చేశాను, ఇంకా పబ్లిష్ నొక్కలేదు.

గణాంకం_రిటైర్డ్ (గురువారం రాత్రి 10.15)

చాలా బాగా రాశారమ్మా. కౌలు 18 అంటే పద్దెనిమిది వేల రూపాయలా, పద్దెనిమిది బస్తాలా?

పల్లెలెక్క (గురువారం రాత్రి 10.22)

రెండూ ఉన్నాయి సార్ 🤦‍♀️ కొందరు డబ్బు, కొందరు ధాన్యం. కాగితాల్లో ఉంది, ఫైల్లో లేదు. రేపు కాగితాలు తీసి కౌలు_రకం అని కొత్త కాలమ్ వేస్తాను.

బాష్‌బాబు (గురువారం రాత్రి 10.40)

అందుకే పబ్లిష్ నొక్కేముందు ఆగాలి. నొక్కాక తప్పు కనిపిస్తే ఫైల్ మార్చినట్టు కాదు, కొత్త వెర్షన్ పెట్టాలి, దానికి వేరే డీఓఐ వస్తుంది. పేపర్లో ఏ వెర్షన్ వాడారో ఆ డీఓఐ ఇవ్వండి.

ఇంకోటి, డ్రాఫ్ట్ స్క్రీన్‌షాట్ పంపారు కదా నాకు. ఊళ్లకి కోడ్‌లు ఇచ్చారు బాగుంది, కానీ ఫైల్ పేర్లు ఒకసారి చూసుకోండి అక్కా. ఊరు పేరుతోనే ఉన్నాయి.

చేలగట్టు (శుక్రవారం ఉదయం 6.50)

పొలాల దగ్గర ఫోన్‌తో తీసిన ఫోటోలు పెడుతున్నారా? వాటిలో లొకేషన్ ఉంటుంది.

పల్లెలెక్క (శుక్రవారం రాత్రి 8.30)

ఫైల్ పేర్లు మార్చాను, ఫోటోలు మొత్తం తీసేశాను, కౌలు_రకం కాలమ్ వచ్చేసింది. ఇక్రిశాట్ సంగతి గైడ్ గారికి చెప్పాను. ఆయన ఎమ్మేలో చదివిన పేపర్లలో ఔరేపల్లె ఉందట, కాసేపు దాని గురించే మాట్లాడారు. తర్వాత ఎంబార్గో ఏడాది పెడదామా సార్ అంటే "రెండేళ్లు పెట్టు" అన్నారు. పెట్టేశాను. ఎడిటర్ కూడా ఒప్పుకున్నారు. ఎథిక్స్ కమిటీ లెటర్ సోమవారం వస్తుంది, అది రాగానే పబ్లిష్.

చిన్నోడు (శుక్రవారం రాత్రి 8.41)

అక్కా లింక్ ఇక్కడ పెట్టండి, నా ప్రాజెక్ట్‌కి కావాలి

పల్లెలెక్క (శుక్రవారం రాత్రి 8.55)

డేటా రెండేళ్లాగి అడుగు తమ్ముడూ, ఎందుకో రాసి అడుగు. కోడ్‌బుక్, ప్రశ్నావళి మాత్రం వచ్చే వారం నుంచే తెరిచి ఉంటాయి. గుంటలు సెంట్లు స్క్రీన్‌షాట్ ఎలాగూ నీ దగ్గరే ఉంది.